ప్రోగ్రెస్ కార్డు ఎవరితో మాట్లాడుతోంది?

ఇలాంటి పుస్తకాల్లో మనం కథల మీద, కవితల మీద, పాటల మీద విమర్శ రాసుకుంటూ వచ్చాం. ఈసారి ఒక కార్డు మీద రాస్తున్నాం. మన ఇళ్ళలో చాలాచోట్ల చదివే పుస్తకం ఒక్కటీ ఉండదు. పిల్లల ప్రోగ్రెస్ కార్డు మాత్రం ఉంటుంది. చూరులోనో, ట్రంకుపెట్టెలోనో, రేషన్ కార్డు, ఆధార్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లోనో దాన్ని భద్రంగా దాచుకుంటారు. బడి మన తల్లిదండ్రులకు రాసే ఉత్తరం అదొక్కటే. కాబట్టి దాన్ని కూడా ఒక రచనను చదివినట్టే చదవాలి. ఎవరు రాశారు? ఎవరి కోసం రాశారు? ఏ భాషలో రాశారు? ఏం చెప్పారు, ఏం చెప్పకుండా వదిలేశారు?

మేము ఈ మాటలు రాస్తున్నది మన్నెగూడ నుంచి. రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీద, తుర్కయాంజాల్ దాటినాక ఇబ్రహీంపట్నం చేరకముందే తగులుతుంది ఈ ఊరు. పేరు వింటే మనకు మన్నెం, గూడెం రెండూ గుర్తుకొస్తాయి. బస్సు దిగి చూస్తే మాత్రం వెంచర్ల బోర్డులు, ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు, సగం లేచిన అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. ఆ అపార్ట్‌మెంట్ల పక్కన రేకుల షెడ్లలో దేవరకొండ వైపు తండాల నుంచి, పాలమూరు నుంచి, ఇంకా దూరం నుంచి పనికొచ్చిన కుటుంబాలు ఉంటాయి. వాళ్ళ పిల్లలు చుట్టుపక్కల సర్కారు బడుల్లో చేరతారు. మేము కూడా ఏజెన్సీలో పుట్టి, ఆశ్రమ పాఠశాలల్లో చదివి, టీచర్ ట్రైనింగ్ చేసి ఇటువైపు వచ్చినవాళ్ళమే. కార్డు అందుకునే చెయ్యి ఎలా ఉంటుందో మాకు చిన్నప్పుడే తెలుసు. కార్డు రాసే చెయ్యి మాది అయ్యాక ఏం జరిగిందో ఇక్కడ చెప్పుకోవాలి.

బస్టాపులో పరీక్ష

మన రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం పెట్టాలని 2023 నుంచి నడుస్తోంది. అలాంటి ఒక శనివారం నాలుగో తరగతి పిల్ల తల్లి వచ్చింది. మేస్త్రీ కింద పనిచేసే మనిషి. మాతో మాట్లాడటానికి ఆ పూట కూలి పోగొట్టుకుంది. కార్డు చేతికిచ్చి సంతకం పెట్టే చోటు చూపించాం. ఆమె వేలిముద్ర వేసి, కార్డును అటూ ఇటూ తిప్పి, ఒకటే మాట అడిగింది.

"సారూ, మా పిల్ల సదువుతాందా లేదా?"

తెలుగులో ఏ ఉంది, గణితంలో బి ప్లస్ ఉంది. "బాగానే చదువుతోంది అమ్మా" అన్నాం. ఆమె సంతోషంగా వెళ్ళిపోయింది.

పది రోజులు కాకముందే పొద్దున ప్రార్థన వేళకు మళ్ళీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఈసారి ఎవరూ పిలవలేదు. "సారూ, మీరు మంచిగ సదువుతాంది అన్నరు. నిన్న బస్టాపుల నిలబడి బస్సు మీద బోర్డు సదువు బిడ్డా అన్న. సదువలేదు. ఇబ్రహీంపట్నం బస్సా, దిల్‌సుఖ్‌నగర్ బస్సా చెప్పలేకపోయింది. మరి మీ కాయితంల ఏం రాసినట్టు?"

మా దగ్గర జవాబు లేదు. ఆ కార్డు రాసింది మేమే. నోటుబుక్కు నీట్‌గా ఉంది కాబట్టి రాత పనులకు మంచి మార్కులు వేశాం. ప్రాజెక్టు చార్టు అందంగా ఉంది కాబట్టి దానికీ వేశాం. ఆ చార్టు పక్కింటి పదో తరగతి అమ్మాయి రాసిచ్చిందని తర్వాత తెలిసింది. పిల్ల తరగతిలో గొడవ చేయదు, చెప్పిన పని చేస్తుంది, బోర్డు మీద ఉన్నది చూసి ముత్యాల్లా రాస్తుంది. ఆ అక్షరాలను కలిపి చదవడం మాత్రం రాదు. అన్నీ కూడితే ఏ వచ్చింది. మా లెక్కలో తప్పు లేదు. ఆ తల్లికి మేము చెప్పింది మాత్రం తప్పు.

అక్షరం రాని ఆ తల్లి బస్టాపులో పెట్టిన పరీక్ష మేము ఏడాది పొడవునా పెట్టిన పరీక్షల కన్నా సూటిగా ఉంది. ఈ వ్యాసం అంతా ఆమె ప్రశ్నకు జవాబు వెతకడమే.

ర్యాంకు పోయింది, గ్రేడు వచ్చింది

మేము చదువుకున్న రోజుల్లో కార్డులో మార్కులు, ర్యాంకు ఉండేవి. యూనిట్ టెస్టులు, మూణ్ణెల్ల పరీక్ష, అర్ధ సంవత్సర పరీక్ష, సంవత్సరాంత పరీక్ష. తప్పిన సబ్జెక్టు కింద ఎర్ర సిరా గీత. ఆశ్రమ పాఠశాలలో ఆ గీతకు మేము వణికేవాళ్ళం. ఇంటి దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అది కోపమో మెప్పో వాళ్ళకు తెలిసేది కాదు. అయినా ఆ కార్డుకు ఒక గుణం ఉండేది. నూటికి పద్దెనిమిది అంటే తక్కువేనని సంతలో లెక్క చూసుకునే ఏ మనిషికైనా అర్థమయ్యేది. ఎర్ర గీత ఎందుకని అడిగినవాళ్ళూ ఉండేవాళ్ళు. దాని దోషం మాత్రం పెద్దది. తప్పిన పిల్లవాడు అదే తరగతిలో ఉండిపోయి, తనకన్నా చిన్నవాళ్ళ పక్కన కూర్చోలేక, పశువుల వెంట అడవికి పోయేవాడు. మాతో చదివిన వాళ్ళలో అలా పోయినవాళ్ళను మేము ఇప్పటికీ వేళ్ళ మీద లెక్కపెట్టగలం.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని అదే తరగతిలో ఆపకూడదు, బడి నుంచి తీసేయకూడదు అంది. పరీక్షతో భయపెట్టకుండా పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో ఎప్పటికప్పుడు చూడమంది. దాన్నే నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నారు. రాష్ట్రం విడిపోకముందే అది మన బడుల్లోకి వచ్చింది. నిర్మాణాత్మక మూల్యాంకనాలు నాలుగు, సంగ్రహణాత్మక మూల్యాంకనాలు రెండు. పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అని నాలుగు సాధనాలు. మార్కుల స్థానంలో ఏ ప్లస్ నుంచి సి దాకా గ్రేడ్లు.

ఆ ఆలోచనలో మంచి ఉంది. పాట కట్టే పిల్లవాడికి, బొమ్మ గీసే పిల్లకు, నలుగురిని కలుపుకుపోయే వాడికి కార్డులో చోటు దొరికింది. ర్యాంకు పోయినందుకు మేము సంతోషించాం. ఎర్ర గీత పోయినందుకు ఇంకా సంతోషించాం.

జరిగింది వేరు. సాధనాలు నాలుగైతే రిజిస్టర్లు అంతకు రెట్టింపయ్యాయి. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసే బడిలో ప్రతి పిల్లనూ ప్రతి సబ్జెక్టులో గమనించి రాయడం సాధ్యం కాలేదు. గడువు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం కూర్చుని అందరికీ మార్కులు నింపేశాం. మేమే నింపాం. మాలాంటి వాళ్ళు చాలామందే నింపారు. ప్రాజెక్టు పనులకు గైడ్లు అమ్మకానికి వచ్చాయి. నింపినవి ఆన్‌లైన్‌లో ఎక్కించాం. పిల్ల గ్రేడు రాజధానిలోని కంప్యూటరుకు చేరింది. దాని అర్థం అర కిలోమీటరు దూరంలో ఉన్న తల్లికి చేరలేదు.

ఎర్ర గీత ఉన్నప్పుడు కార్డు తల్లిదండ్రులను భయపెట్టింది. గ్రేడు వచ్చాక వాళ్ళను ఊరుకోబెట్టింది. సి అంటే ఏమిటని అడిగిన తండ్రికి "ఇంకొంచెం కష్టపడాలి" అంటాం. ఎవరు కష్టపడాలి? పిల్లవాడా, తండ్రా, మేమా? కార్డు చెప్పదు.

వాగు, కొండ, ఆకాశం

ఇప్పుడు మూడో కార్డు వస్తోంది. 2020 జూలైలో వచ్చిన జాతీయ విద్యా విధానం ప్రోగ్రెస్ కార్డును పూర్తిగా మార్చాలంది. టీచరు మాటతో పాటు పిల్ల తన గురించి చెప్పుకునే మాట, తోటి పిల్లలు చెప్పే మాట కూడా అందులో ఉండాలంది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ కింద ఏర్పడిన పరఖ్ అనే సంస్థ దానికి నమూనాలు తయారుచేసింది. దాని పేరు హోలిస్టిక్ ప్రోగ్రెస్ కార్డు, సమగ్ర ప్రగతి పత్రం అనొచ్చు. రాష్ట్రాలు దాన్ని తమకు తగినట్టు మార్చుకోవచ్చు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టి ఇలాంటి కార్డులు చేతికిచ్చారు. మన వైపూ ఆ కార్డు గురించిన మాటలు నడుస్తున్నాయి. కాబట్టి అది అచ్చయి కట్టలుగా మన బీరువాల్లోకి రాకముందే చదివి, అనవలసింది అనాలి.

ముందు మంచి చెబుదాం. ఆ కార్డు పిల్లను అడుగుతుంది: నీకేమిష్టం, ఈ పని చేసేటప్పుడు ఎలా అనిపించింది, ఏది కష్టమనిపించింది అని. చిన్నపిల్లలైతే నవ్వు ముఖమో, దిగులు ముఖమో చూపిస్తే చాలు. మన పిల్లల్ని ఇంతవరకు ఏ కాగితమూ అలా అడగలేదు. తల్లిదండ్రులకు కూడా ఒక పేజీ ఇచ్చింది. వేలిముద్ర గడి దాటి వాళ్ళకు చోటు దొరకడం ఇదే మొదలు.

ఇక విమర్శ. ఆ నమూనాలో పిల్లల స్థాయిని చెప్పడానికి మూడు మెట్లు పెట్టి, వాటికి స్ట్రీమ్, మౌంటెన్, స్కై అని పేర్లు పెట్టారు. అంటే వాగు, కొండ, ఆకాశం. ఇప్పుడే మొదలుపెట్టిన పిల్ల వాగు దగ్గర ఉన్నట్టు, బాగా వచ్చిన పిల్ల ఆకాశంలో ఉన్నట్టు. ఏ, బి, సి అంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారని ఇలా పెట్టి ఉంటారు. ఉద్దేశం మంచిదే.

ఈ మాట మన గూడెంలో చెప్పి చూడండి. "మీ వాడు వాగు దగ్గర ఉన్నాడు, కొండెక్కాలి, ఆకాశానికి చేరాలి" అంటే మన పెద్దవాళ్ళు ఏమనుకుంటారు? వాగు దగ్గర ఉంటే మంచిదే కదా, నీళ్ళున్నాయి, చేపలున్నాయి, పొలం తడుస్తుంది అనుకుంటారు. మన లెక్కలో వాగు కొండకు కింది మెట్టు కాదు. కొండ మీద పుట్టిన నీళ్ళే వాగై ఊరికి వస్తాయి. కొండకు కొలుపు చేస్తాం, వాగుకూ మొక్కుతాం. ఎత్తున ఉన్నదే గొప్పదనే లెక్క మనది కాదు. ఇళ్ళు పది అంతస్తులకు లేపేవాళ్ళ లెక్క అది. మన్నెగూడలో ఆ అంతస్తులు కట్టే మనుషులు కింద షెడ్లలోనే ఉంటారు.

మేము ఈ పేర్ల దగ్గర ఆగడానికి ఇంకో కారణం ఉంది. సి అనే అక్షరం ఆ తల్లికి ఏమీ చెప్పనట్టే, వాగు అనే బొమ్మ కూడా ఏమీ చెప్పదు. ఆమె అడిగింది చదవగలుగుతోందా లేదా అని. "మీ పాప వాగు" అంటే ఆమె మళ్ళీ నవ్వుకుంటూ ఇంటికి వెళ్తుంది. మళ్ళీ బస్టాపులో నిలబడాల్సిందే. పిల్ల మనసు నొప్పించకుండా మాట్లాడాలి, నిజమే. తల్లికి మాత్రం సూటిగా చెప్పాలి. ఇద్దరికీ ఒకే కాగితం, ఒకే మాట అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలైంది.

ఇంట్లో ఏమున్నాయని అడిగితే

తల్లిదండ్రుల పేజీలో ఒక ప్రశ్న ఉంది. ఇంట్లో పిల్లకు అందుబాటులో ఉన్నవి ఏవి? పుస్తకాలు, పత్రికలు, ఆటవస్తువులు, ఫోను, ఇంటర్నెట్ వంటివి వరుసగా ఉంటాయి. ఉన్నవాటికి టిక్కు పెట్టాలి.

రేకుల షెడ్డులో ఉండే కుటుంబం ఈ పేజీ నింపితే టిక్కు ఒక్క ఫోనుకే పడుతుంది. ఆ ఫోను కూడా తండ్రి జేబులో పనికి పోతుంది. పేజీ అంతా ఖాళీగా కనిపిస్తుంది. దాన్ని చూసిన టీచరుకు, పై అధికారికి "ఈ ఇంట్లో ఏమీ లేదు" అనిపిస్తుంది. మనం చిన్నప్పటి నుంచి వింటున్న మాటే, ఇప్పుడు అచ్చులో.

ఆ ఇంట్లో ఏముందో మేము చూశాం. ఐదో తరగతి పిల్లవాడు ఒకడు ఉండేవాడు, అన్ని సబ్జెక్టుల్లో సి. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, బీహార్ నుంచి వచ్చిన పక్క షెడ్డు వాళ్ళతో హిందీ మాట్లాడేవాడు. శనివారం కూలి డబ్బులు ఇచ్చేటప్పుడు తల్లి పక్కన నిలబడి, ఎన్ని రోజులు, ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎంత పట్టుకున్నారు అని నోటితోనే లెక్క తేల్చేవాడు. తీసివేతల్లో వాడికి సున్నా వేసింది మేమే, ఎందుకంటే వాడు అడ్డంగా, నిలువుగా గళ్ళలో రాయలేదు. వాడి అమ్మమ్మ కశీదా కుట్టేది. అద్దాలు, దారాల వరుసల్లో ఉన్న లెక్క మా గణిత పుస్తకంలో లేదు. వీటికి టిక్కు పెట్టే గడి ఏ కార్డులోనూ లేదు.

అడవిలో ఉన్న మన గూడేల సంగతి చెప్పక్కరలేదు. ఏ చెట్టు ఆకు ఏ జ్వరానికి, ఏ నెలలో ఏ దుంప తవ్వాలి, ఏ పాట ఏ పండుగకు అని పదేళ్ళ పిల్లకు తెలుసు. నాన్నమ్మ ఉంది, డోలు ఉంది, కథ ఉంది. కార్డు అడిగేది న్యూస్ పేపరు వస్తుందా అని. ఒక పిల్ల దగ్గర లేనివాటి జాబితా రాసి దానికి సమగ్రం అని పేరు పెట్టకూడదు.

రాయాల్సింది సులభం. "మీ పాపకు ఇంట్లో ఎవరు ఏమేం నేర్పుతారు?" అని ఒక్క ప్రశ్న, కింద రెండు ఖాళీ గీతలు చాలు.

చట్టం చెప్పిన మాట, కార్డు మర్చిపోయిన మాట

విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లో టీచర్ల విధులు ఉన్నాయి. వాటిలో ఒకటి మా వాళ్ళలో చాలామంది చదివి ఉండరు. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశాలు జరిపి, పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి, ఇతర ముఖ్యమైన విషయాలు వాళ్ళకు తెలియజేయాలి. చట్టంలో ఉన్నది తెలియజేయడం. కార్డు ఇచ్చి వేలిముద్ర తీసుకోవడం అని లేదు. తల్లికి తెలియకపోతే తెలియజేసినట్టు కాదు. వేలిముద్ర పడింది కాబట్టి మా విధి అయిపోయిందని మేమనుకున్నాం. అది బ్యాంకు లెక్క.

అదే చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాషలో బోధించమంది. ఈ దారిలో మనకు చరిత్ర ఉంది. 1943లో హైమండార్ఫ్ కాలంలో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టి, గోండీలో వాచకాలు తయారుచేశారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండీ, కోయ, కొలామీ, బంజారా, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో మాతృభాష ఆధారిత చదువు మొదలైంది. వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. తర్వాత అవి నిలిచిన చోట నిలిచాయి, ఆగిన చోట ఆగాయి.

అయితే గమనించండి. వాచకం మన భాషలో వచ్చిన రోజుల్లో కూడా మేము చూసిన కార్డు ఏదీ మన భాషలో లేదు. పిల్లకు పాఠం చెప్పడానికి తల్లి భాష కావాలని ఒప్పుకున్నారు. ఆ తల్లికి పిల్ల సంగతి చెప్పడానికి తల్లి భాష కావాలని ఎవరికీ తట్టలేదు. మాకూ తట్టలేదు.

బయటి దేశాల్లో కూడా ఈ చిక్కు ఉంది. న్యూజిలాండ్‌లో 2010 నుంచి ప్రాథమిక బడులు పిల్లల ప్రగతిని ఏడాదికి కనీసం రెండుసార్లు, సాదా మాటల్లో, తల్లిదండ్రులకు రాసి ఇవ్వాలని నియమం పెట్టారు. మావోరీ భాషలో నడిచే బడులకు వేరే ప్రమాణాలు తయారుచేశారు. అయితే పిల్లలందరినీ ఒకే గీత మీద నిలబెట్టి పైన, కింద అని చెప్పడం మీద వ్యతిరేకత వచ్చింది. 2017 చివరికి ఆ ప్రమాణాలు తీసేశారు. మనం నేర్చుకోవాల్సింది రెండు ముక్కలు. సాదా మాటల్లో చెప్పడం మంచి నియమం, దాన్ని తీసుకోవాలి. ఒకే గీతతో కొలవడం చెడ్డ అలవాటు, దాన్ని వదలాలి.

"వాళ్ళకు పట్టదు" అనే మాట

స్టాఫ్ రూముల్లో ఒక మాట తరచుగా వింటాం. "ఎంత మంచి కార్డు ఇచ్చి ఏం లాభం, వీళ్ళ తల్లిదండ్రులకు పట్టదు, మీటింగుకే రారు." గిరిజన టీచర్ల నోట కూడా విన్నాం. ఒకప్పుడు మేమూ అన్నాం.

శనివారం పగలు కూలి మనిషికి పని రోజు. వారం కూలి తీసుకునేదీ చాలాచోట్ల ఆరోజే. ఆరోజు బడికి రమ్మంటే, పిల్ల చదువు కావాలో పిల్ల అన్నం కావాలో తేల్చుకోమన్నట్టు. వచ్చినవాళ్ళకు మనం ఏమిస్తున్నాం? బెంచీ మీద అరగంట కూర్చోబెట్టి, అర్థం కాని కాగితం మీద వేలిముద్ర. మూడోసారి రాకపోతే అది పట్టకపోవడమా? ఆ తల్లి పిలవకుండానే రెండోసారి వచ్చింది. ఆమెకు పట్టింది. పట్టినందుకే బస్టాపులో పరీక్ష పెట్టింది.

మా వైపు కష్టాలూ చెప్పాలి. ఒకే టీచరు ఉన్న బడిలో పాఠం, మధ్యాహ్న భోజనం లెక్క, ఫోనులో హాజరు, ఆన్‌లైన్ వివరాలు అన్నీ ఒక్కరే చూడాలి. పేజీలు పెరిగిన కొత్త కార్డును ప్రతి పిల్లకూ మనసు పెట్టి నింపే సమయం ఎక్కడిది? టీచర్లను పెంచకుండా పేజీలు పెంచితే ఆ పేజీలు కూడా ఒక సాయంత్రంలోనే నిండుతాయి. వాగు, కొండ, ఆకాశం కూడా కాపీ కొట్టబడతాయి. ఇది బెదిరింపు కాదు, పాత కార్డుతో జరిగింది చూసి చెబుతున్న మాట.

ఇంకో సంగతి కూడా ముంచుకొస్తోంది. 2019లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో మళ్ళీ పరీక్ష పెట్టి తప్పినవాళ్ళను ఆపే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చారు. 2024 డిసెంబర్‌లో కేంద్రం తన బడులకు ఆ నియమం తెచ్చింది. పరీక్ష తప్పితే రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష, అదీ తప్పితే అదే తరగతి. రాష్ట్రాల సంగతి రాష్ట్రాలకు వదిలారు. రేపు ఎక్కడైనా ఐదో తరగతిలో పిల్లను ఆపితే, నాలుగేళ్ళు "బాగానే చదువుతోంది" అన్న కార్డు ఏం జవాబు చెబుతుంది? మొదటి తరగతి నుంచే నిజం తెలిసుంటే ఆ తల్లి అడిగేది, గొడవ పడేది, మమ్మల్ని పని చేయించేది. తెలియనివ్వకుండా చివరికి పిల్లను మాత్రమే దోషిని చేయడం అన్యాయం. మళ్ళీ పశువుల వెంట పోయేది, ఇక్కడైతే ఇటుకలు మోసేది మన పిల్లలే.

మేము చేసి చూసింది

ఆ తల్లి వచ్చి వెళ్ళాక మేము కొన్ని పనులు మొదలుపెట్టాం. గొప్పవేమీ కావు. ఏ ఆర్డరూ అవసరం లేనివి కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది, కార్డు ఇచ్చే ముందు పిల్ల తల్లి ఎదుట చదవాలి. నాలుగు అక్షరాలు, నాలుగు మాటలు, ఒక చిన్న పేరా, ఒక చిన్న కథ. గ్రామాల్లో జరిగే అసర్ సర్వేలో పిల్లల్ని ఇళ్ళ దగ్గరే ఇలా చదివిస్తారు. అక్షరం రాని తల్లికి కూడా పిల్ల ఎక్కడ ఆగిందో వినిపిస్తుంది. తడబడిందా, గడగడా చదివిందా అని ఆమెకు మేము చెప్పాల్సిన పని లేదు. లెక్కకు కూడా అంతే. కిరాణా కొట్టు చీటీ ఒకటి ఇచ్చి కూడమంటాం. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. నలుగురి ముందు చదివించొద్దు. ఒక తల్లి, ఒక పిల్ల, ఒక టీచరు. లేకపోతే ఎర్ర గీత వేరే దారిలో తిరిగొస్తుంది.

రెండోది, గ్రేడు పక్కన రెండు వాక్యాలు. ఏం వచ్చింది, ఏం రాలేదు. "చూసి రాయగలదు. ఒత్తులున్న మాటలు చదవలేదు." దాని కింద ఇంకో వాక్యం: దానికి వచ్చే నెలలో మేము ఏం చేస్తాం. ఈ మూడో వాక్యం రాయడానికి మాకే భయం వేసింది. ఎందుకంటే వచ్చే నెల తల్లి అడుగుతుంది. అడగాలి కూడా.

మూడోది, ఇంటి భాషలో మాట. లంబాడీ మాకు కొద్దిగానే వచ్చు. పై తరగతి పిల్లలు, దగ్గరి కాలేజీలో చదివే తండా అమ్మాయిలు సాయం చేశారు. ఆ వాక్యాలను వాళ్ళు ఫోనులో చదివి వాయిస్ మెసేజ్ పంపారు. రాత్రి పని నుంచి వచ్చి వంట చేసుకుంటూ విన్నామని తల్లులు చెప్పారు. ఒకామె అదే మెసేజ్ ఊళ్ళో ఉన్న అత్తకు పంపింది. మా కార్డు ఎప్పుడూ అంత దూరం పోలేదు.

నాలుగోది, సమయం. నెలలో ఒక సాయంత్రం మేమే షెడ్ల దగ్గరికి వెళ్ళాం. పోయిన మొదటిరోజు మమ్మల్ని చూసి పిల్లవాడు ఏం తప్పు చేశాడోనని భయపడ్డారు. బడి ఇంటికొస్తే ఫిర్యాదే అని వాళ్ళకు అలవాటు. రెండోసారి టీ ఇచ్చారు. అందరు టీచర్లూ ఇలా వెళ్ళగలరని మేము అనం. ఇంటి బాధ్యతలున్నాయి, దూరాలున్నాయి. కనీసం మీటింగును కూలికి అడ్డం రాని వేళకు మార్చమని అడగొచ్చు. 2024 నుంచి మన బడుల్లో మహిళా సంఘాల వాళ్ళతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. ఎక్కువగా మరమ్మతుల పనులకే వాళ్ళను పిలుస్తున్నారు. గోడలు చూసినవాళ్ళు పిల్లల చదువు కూడా చూడగలరు. పిల్లలు చదువుతుంటే వినే పని వాళ్ళకు ఇవ్వాలి.

వీటివల్ల అన్నీ మారిపోయాయని చెప్పం. ఆ పిల్ల ఐదో తరగతి మధ్యలో ఒత్తులు పట్టుకుంది. అంతలో పక్క సైటు పని అయిపోయి కుటుంబం వేరే చోటికి వెళ్ళిపోయింది. టీసీతో పాటు కార్డు కూడా తీసుకెళ్ళారు. అందులో మేము రాసిన వాక్యాలు ఉన్నాయి. కొత్త బడి టీచరు వాటిని చదివి అక్కడి నుంచి మొదలుపెడితే మంచిది. వలస పోయే పిల్లకు కార్డు అవసరం అందరికన్నా ఎక్కువ. ఒక బడిలో ఎక్కడ ఆగిందో ఇంకో బడికి చెప్పేది అదొక్కటే. ఒట్టి గ్రేడు ఆ పని చేయలేదు.

టీచర్ మిత్రులకు మా మనవి ఇంతే. కొత్త కార్డు వచ్చినప్పుడు ఎలా నింపాలో మనకు శిక్షణ ఇస్తారు. ఎలా చెప్పాలో కూడా నేర్పమని ఆ శిక్షణలో లేచి అడగండి. మన భాషల్లో కార్డు ఎందుకు లేదని అడగండి. పై మెట్టు, కింది మెట్టు పేర్లు మన పిల్లల్ని అడిగి పెట్టుకుందామనండి.

చదువుకున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఇంకో మాట. ఈసారి పండుగకు ఊరికి పోయినప్పుడు చూరులో ఉన్న కార్డు తీయండి. అందులో ఉన్నది అమ్మకు, నాన్నకు మన భాషలో చదివి వినిపించండి. తర్వాత చిన్న చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, సబ్బు కాగితమో, బియ్యం సంచి మీద పేరో చదివించండి. కార్డు చెప్పినదానికీ, మీరు విన్నదానికీ పొంతన లేకపోతే అమ్మను వెంటబెట్టుకుని బడికి రండి. మాలో కొందరు చిరాకు పడతారు. అయినా రండి. అమ్మ అడగాల్సిన ప్రశ్న అమ్మనే అడగనివ్వండి, మీరు పక్కన నిలబడండి.